మండుతుంది సరే, మీ బర్నర్‌లో కాదు

ప్రశ్న: నమస్కారమండీ. మసాచుసెట్స్‌లో వూస్టర్ పక్కనున్న ఊళ్లో రెండేళ్ల కిందట ఇల్లు కొన్నాం. 1950ల్లో కట్టిన ఇల్లు. బేస్‌మెంట్‌లో ఆయిల్ బాయిలర్, 275 గ్యాలన్ల ఇనుప ట్యాంకు ఉన్నాయి. పోయిన ఏడాది మొత్తానికి 650 గ్యాలన్లు కాలింది. గ్యాలన్ సగటున 3 డాలర్ల 80 సెంట్లు పడింది. ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఇంత ఖర్చవుతుందని హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కలలో కూడా అనుకోలేదు.

మా బామ్మర్ది ఫోర్క్‌లిఫ్టులు, చిన్న ఎక్స్‌కవేటర్లు రిపేరు చేసే షాపులో పనిచేస్తాడు. సర్వీసుకొచ్చిన బళ్లలోంచి తీసిన హైడ్రాలిక్ ఆయిల్ అక్కడ డ్రమ్ముల్లో ఉంటుంది. నెలకు రెండు బకెట్లు, ఒక్కోటి 5 గ్యాలన్లు, ఊరికే తెచ్చిస్తానంటున్నాడు. ఇంజన్ ఆయిల్‌లా నల్లగా లేదు, తేనె రంగులో శుభ్రంగా ఉంది. మా మామగారు ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. తణుకు దగ్గర ఇరవై ఏళ్లు ట్రాక్టర్లు తిప్పిన మనిషి. "నూనె నూనే కదా అల్లుడూ, మండేదేగా" అంటారు. ధైర్యం చేసి పోయిన నెల ఒక బకెట్ నూనెను పాత బనీను గుడ్డలో వడగట్టి, బయటున్న ఫిల్ పైపులో పోశాను. అప్పటికి ట్యాంకులో 150 గ్యాలన్ల దాకా ఉంది. ఏమీ కాలేదు. కానీ రాత్రిళ్లు బాయిలర్ ఆన్ అయిన చప్పుడు వింటే టెన్షన్‌గా ఉంటోంది. ఇలా కలుపుతూ పోవచ్చా? లేదంటే గరాజ్‌లో ఇనుప పీపాతో చుక్కల పొయ్యి చేసుకుందామని బామ్మర్ది ఒక వీడియో చూపిస్తున్నాడు. ఏది నయం?

సమాధానం: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. 150 గ్యాలన్లలో 5 గ్యాలన్లంటే 3 శాతం చిల్లర. అంత తక్కువ కలిస్తే మొత్తం నూనె చిక్కదనం పెద్దగా మారదు. అందుకే మీకేమీ కాలేదు. ఈ రాత్రికి నిద్రపోండి. కానీ రెండో బకెట్ మాత్రం పోయకండి. గరాజ్‌లో పీపా పొయ్యి ఆలోచన అసలే వద్దు. మీరడిగిన రెండింటిలో ఏదీ నయం కాదు.

మీ మామగారి మాటలో అబద్ధం లేదు. మామూలు హైడ్రాలిక్ ఆయిల్ ఖనిజ నూనే, మండుతుంది. గ్యాలన్‌కు ఇచ్చే వేడి కూడా మీరు కొనే హీటింగ్ ఆయిల్‌కు ఏమీ తీసిపోదు. రెండూ లక్షా 40 వేల బీటీయూల (బీటీయూ అంటే ఇక్కడ వేడిని కొలిచే కొలత) దరిదాపుల్లోనే ఉంటాయి. పాత నూనెల్లో ఇదే కాస్త మర్యాదస్తురాలు కూడా. ఇంజన్‌లో తిరగలేదు కాబట్టి మసి ఉండదు, పెట్రోలు కలిసి ఉండదు. మన ఊళ్లలో ట్రాక్టర్ పాత ఆయిల్‌ను చెద పట్టకుండా దూలాలకు పూసేవాళ్లు, నీళ్ల కాగు కింద పిడకల మీద ఇంత చల్లేవాళ్లు. ఆ పొయ్యి పెరట్లో ఉండేది, పొగ ఆకాశంలోకి పోయేది. పొయ్యికి ఏ నూనైనా ఒకటే. మీ బేస్‌మెంట్‌లో ఉన్నది పొయ్యి కాదు, ఒకే ఒక్క రకం చిక్కదనానికి కొలత పెట్టి చేసిన యంత్రం. తేడా అంతా అక్కడుంది.

మీ బర్నర్‌లో ఒక చిన్న పంపు ఉంటుంది. అది నూనెను 100 నుంచి 140 పీఎస్‌ఐ ఒత్తిడితో ఒక ఇత్తడి నాజిల్‌లోకి తోస్తుంది. మీ కారు టైరులో ఉండేది 35 పీఎస్‌ఐ. నాజిల్ రంధ్రం సూది మొన పట్టడమే కష్టమన్నంత సన్నం. దాని వెనక అంతకంటే సన్నని గాడులు ఏటవాలుగా కోసి ఉంటాయి. నూనె ఆ గాడుల్లో గిర్రున తిరిగి, గొడుగు విప్పినట్టు తుంపరగా బయటికొస్తుంది. ఆ తుంపరను రెండు ఎలక్ట్రోడ్ల మధ్య దాదాపు 10 వేల వోల్టుల నిప్పురవ్వ అంటిస్తుంది. మంట పుట్టిందా లేదా అని కాడ్ సెల్ అనే చిన్న కన్ను చూస్తూ ఉంటుంది. ఇదంతా సరిగ్గా జరగాలంటే నూనె పలచగా ఉండాలి.

హీటింగ్ ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2 నుంచి 3.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది. హైడ్రాలిక్ ఆయిల్ డబ్బా మీద 32, 46, 68 అని అంకెలు ఉంటాయి చూడండి, అవి అదే వేడి దగ్గర దాని చిక్కదనం. అంటే 46 గ్రేడు నూనె మీ బర్నర్ అడిగేదానికన్నా కనీసం పదమూడు రెట్లు చిక్కన. పాలకూ నువ్వుల నూనెకూ ఉన్నంత తేడా అనుకోండి. పైగా అది 40 డిగ్రీల దగ్గరి లెక్క. జనవరిలో మీ బేస్‌మెంట్‌లో ఉండే 10, 12 డిగ్రీలకు ఇంకా చిక్కబడుతుంది.

చిక్కటి నూనె సన్నటి రంధ్రంలోంచి తక్కువగా వస్తుందని మనకు అనిపిస్తుంది. ఈ నాజిళ్లలో జరిగేది తలకిందులు. చిక్కదనం పెరిగితే నూనె గిర్రున తిరగడం తగ్గి, రంధ్రం మధ్యలో ఉండాల్సిన ఖాళీ పూడుకుపోయి, మొదట్లో నూనె ఎక్కువగానే వస్తుంది. వచ్చేది తుంపరగా కాదు, లావు లావు చుక్కలుగా. గొడుగు ముడుచుకుపోతుంది. మంట పొడుగై వెనక గోడకు తగులుతుంది, చుక్కలు పూర్తిగా కాలకుండా మసి అవుతాయి. మసి బాయిలర్ లోపలి గొట్టాలకు పట్టి వేడిని నీళ్లకు అందనివ్వదు. అంటే ఊరికే వచ్చిన నూనె పుణ్యమా అని కొన్న నూనె కూడా ఎక్కువ కాలుతుంది. మరీ చిక్కనైతే అసలు అంటుకోదు.

అంటుకోకపోతే ఏమవుతుందో నాకు పుస్తకాల్లోంచి తెలియలేదు. 2008 వేసవిలో ఇక్కడ హీటింగ్ ఆయిల్ గ్యాలన్ 4 డాలర్లు దాటింది. ఆ చలికాలం ఎలా గడుస్తుందోనని అందరం బెంబేలెత్తాం. నేనప్పుడు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరును. ప్రెస్సుల్లోంచి తీసిన 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ కళ్ల ముందే డ్రమ్ముల్లో పోతుంటే ప్రాణం ఉసూరుమనేది. ఇంజనీరును కదా, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. ముందు ఒక బకెట్ పోశాను. అచ్చం మీలాగే ఏమీ కాలేదు. ఆ "ఏమీ కాలేదు" అనేదే నా కొంప ముంచింది. క్రిస్మస్ నాటికి 40 గ్యాలన్ల దాకా పోసేశాను.

మా ట్యాంకు ఇంటి వెనక బయట ఉండేది. బయటి ట్యాంకులకు చలికాలంలో డీలర్లు హీటింగ్ ఆయిల్‌లో కిరోసిన్ కలిపి పోస్తారు, చలికి గడ్డకట్టకుండా పలచగా ఉండాలని. వాళ్లు పలచన చేస్తుంటే నేను చిక్కన చేస్తున్నానన్నమాట. సంక్రాంతి వెళ్లిన రెండో రోజు రాత్రి చలి సున్నా ఫారెన్‌హీట్ కిందికి దిగింది, అంటే మైనస్ 18 సెల్సియస్. రెండింటప్పుడు ఇల్లు చల్లబడి మెలకువ వచ్చింది. కిందికి వెళ్లి చూస్తే బర్నర్ లాకౌట్‌లో ఉంది, అంటే మంట రాక తనంతట తానే ఆగిపోయింది. ఎర్ర బటన్ నొక్కాను. మోటారు తిరిగింది, మంట రాలేదు, ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. పిల్లలు చలికి వణుకుతున్నారు, మెకానిక్ ఫోనెత్తడం లేదు. ఇంకో మూడు సార్లు నొక్కాను.

ఆ బటన్ నొక్కిన ప్రతిసారీ బర్నర్ కొన్ని క్షణాల పాటు నూనె చిమ్మి, మంట రాకపోతే ఆగుతుంది. పాత కంట్రోళ్లలో అది 45 సెకన్లు. కాలని ఆ నూనె ఎక్కడికీ పోదు, లోపలే పోగవుతుంది. అయిదోసారి అంటుకుంది. అప్పటిదాకా పోగైనదంతా ఒక్కసారిగా అంటుకుని ధబ్బుమంది. ఇక్కడి మెకానిక్‌లు దీన్ని పఫ్‌బ్యాక్ అంటారు. పొగగొట్టం జాయింటు ఊడి పక్కకు పడింది. నూనె మసి మెట్ల మీదుగా పైకొచ్చి గోడలకు, తెరలకు, బీరువాలోని పట్టుచీరలకు, వంటింట్లో ఆవకాయ జాడీ మూతకు కూడా పట్టేసింది. మామూలు మసి అయితే దులిపితే పోతుంది. ఇది జిడ్డు మసి, తుడిస్తే పూసుకుంటుంది. ఎవరికీ దెబ్బలు తగలలేదు, అదే అదృష్టం. "భోగి మంట మూడు రోజులు ఆలస్యంగా వేశారు" అంది మా ఆవిడ. ఆ మాట ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ వింటూనే ఉన్నాను.

తర్వాత ఇన్సూరెన్స్ తరఫున వచ్చినాయన ట్యాంకులోంచి ఒక సీసాడు నూనె తీసుకుని, "ఇందులో హీటింగ్ ఆయిల్ కాకుండా ఏమైనా కలిపారా" అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెక్కు రాలేదు. గోడలు కడిగించి, రంగులు వేయించి, బాయిలర్ విప్పి శుభ్రం చేయించడానికి అయిన ఖర్చుతో నాలుగు చలికాలాలకు నూనె వచ్చేది.

మీ ట్యాంకు బేస్‌మెంట్‌లోనే ఉంది కాబట్టి నా అంత త్వరగా మీకు దెబ్బ తగలకపోవచ్చు. కానీ ఇంకో చిక్కుంది. హైడ్రాలిక్ ఆయిల్ హీటింగ్ ఆయిల్ కన్నా కొంచెం బరువు. కదలకుండా ఉన్న ట్యాంకులో మెల్లగా పోస్తే పూర్తిగా కలిసిపోకుండా కొంత కిందికి దిగవచ్చు. చాలా ట్యాంకుల్లో బర్నర్‌కు వెళ్లే పైపు అడుగు నుంచే ఉంటుంది. కాబట్టి మీరు 3 శాతం అనుకున్నది ఒక గంట పాటు 30 శాతంగా నాజిల్‌కు చేరవచ్చు. ఇక బనీను గుడ్డ వడపోత గురించి చెప్పాలంటే, అది ఈగల్ని ఆపుతుంది. పంపులు, సిలిండర్లు అరిగి రాలే ఇనుప పొడి మన తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. నీటిని గుడ్డ ఎలాగూ ఆపదు.

మామూలు హైడ్రాలిక్ ఆయిల్‌లో అరుగుదల తగ్గించడానికి జింకు, ఫాస్ఫరస్, గంధకం ఉన్న మందు కలుపుతారు. హీటింగ్ ఆయిల్ కాలితే బూడిద దాదాపు మిగలదు. దీనిలోని జింకు మాత్రం కాలి ఎక్కడికీ పోదు, తెల్లటి బూడిదై గొట్టాల మధ్య పేరుకుంటుంది. గంధకం సంగతి ఇంకా ముఖ్యం. మసాచుసెట్స్‌లో 2018 జులై 1 నుంచి హీటింగ్ ఆయిల్‌లో గంధకం 15 పీపీఎం, అంటే పది లక్షల్లో 15 వంతులు మించకూడదు. అందుకే ఇప్పటి బాయిలర్లు మునుపటికన్నా శుభ్రంగా ఉంటున్నాయి. పాత హైడ్రాలిక్ ఆయిల్‌లో గంధకం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అది కాలి, పొగలోని నీటి ఆవిరితో కలిసి ఆమ్లమై, ఇనుమును లోపలి నుంచి తింటుంది. ఇది ఒక్క రాత్రిలో కనపడదు. ఏ అయిదారేళ్లకో బాయిలర్ కారినప్పుడు తెలుస్తుంది.

ఇదంతా ఆ బకెట్‌లో ఉన్నది నిజంగా మామూలు హైడ్రాలిక్ ఆయిలే అనుకున్నప్పటి మాట. తేనె రంగు చూసి మురిసిపోకండి. రంగును నమ్మితే ఇక్కడ తప్పకుండా మోసపోతాం. హీటింగ్ ఆయిల్‌కు పన్ను లెక్క కోసం ఎర్ర రంగు కలుపుతారు. ఫోర్క్‌లిఫ్టుల్లో, కార్ల గేర్‌బాక్సుల్లో వాడే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూడా ఎరుపే. ఉక్కు కర్మాగారాల్లో, ఫౌండ్రీల్లో, విమానాల్లో మంట అంటుకోకూడదని ప్రత్యేకమైన హైడ్రాలిక్ ద్రవాలు వాడతారు. ఫాస్ఫేట్ ఎస్టర్ అనేది ఒక రకం, నీళ్లూ గ్లైకాలూ కలిపినది ఇంకో రకం. వాటి పేరులోనూ హైడ్రాలిక్ అనే ఉంటుంది, మండకుండా ఉండటమే వాటి ఉద్యోగం. ఏ మూలో పడి ఉన్న బాగా పాత యంత్రాల నూనెలో పీసీబీలు అనే విష రసాయనాలు కూడా ఉండవచ్చు. వాటి తయారీని అమెరికా 1979లో నిషేధించింది. అవి సరిగ్గా కాలకపోతే డయాక్సిన్ల జాతి విషాలు పుడతాయి. మీ బావమరిది షాపులో ఇవన్నీ ఉంటాయని కాదు. కానీ డ్రమ్ము మూత తీసి ఉన్న చోట అందరి చేతులూ దాని వైపే వెళతాయి. పార్టులు కడిగిన సాల్వెంటు, మిగిలిన బ్రేక్ క్లీనరు, కాస్త కూలెంటు అందులోనే పడతాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరు మంటలో పడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫాస్జీన్ లాంటివి వస్తాయి. ఫాస్జీన్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వాడిన వాయువు.

డ్రమ్ములో ఏముందో అడగకుండా పాత నూనె వాడితే ఏమవుతుందో ఈ దేశం ఒకసారి చాలా ఖరీదుగా నేర్చుకుంది. మిస్సోరీ రాష్ట్రంలో టైమ్స్ బీచ్ అని 2 వేల మంది ఉండే చిన్న ఊరు ఉండేది. 1970ల మొదట్లో రోడ్ల మీద దుమ్ము లేవకుండా అక్కడ పాత నూనె చల్లించారు. అది చౌక, మన ఊళ్లలో కళ్లాపి చల్లినట్టే. ఆ నూనె తెచ్చిన వ్యాపారి దానిలో ఒక రసాయన కర్మాగారపు వ్యర్థాలు కూడా కలిపాడు, వాటిలో డయాక్సిన్ ఉంది. అతను అదే నూనె చల్లిన గుర్రాల శాలల్లో గుర్రాలు చనిపోయాయి. అసలు కారణం తేలడానికి ఏళ్లు పట్టింది. 1982 డిసెంబరులో ఊరిని వరద ముంచింది. ఆ వెంటనే 1983లో ప్రభుత్వం ఊరు ఊరంతా కొనేసి అందరినీ ఖాళీ చేయించింది. ఇప్పుడక్కడ ఇళ్లు లేవు, ఒక పార్కు ఉంది. నూనె చల్లించుకున్నవాళ్లకు అది మామూలు పాత నూనే, చూడటానికి కూడా అలాగే ఉండింది.

అందుకే ఇక్కడ పాత నూనె విషయంలో చట్టం అంత పట్టుగా ఉంటుంది. 1992లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఒక షాపు తన దగ్గర తయారైన పాత నూనెను తన సొంత హీటర్‌లో కాల్చుకోవచ్చు. హీటర్ గంటకు 5 లక్షల బీటీయూలు మించకూడదు, పొగ బయటికి పోవాలి. ఇళ్లవాళ్లు తమ కార్లలో స్వయంగా మార్చుకున్న నూనె తెచ్చిస్తే షాపు దాన్నీ కాల్చుకోవచ్చు. అంటే నూనె ఇంటి నుంచి షాపుకు వెళ్లవచ్చు. షాపు నుంచి ఇంటికి వచ్చే దారి మాత్రం ఆ నిబంధనలో లేదు. మసాచుసెట్స్ ఇంకో అడుగు ముందుకేసి పాత నూనెను ప్రమాదకర వ్యర్థాల కింద లెక్కగడుతుంది. షాపు నుంచి ప్రతి డ్రమ్మూ ఎక్కడికి వెళ్లిందో లెక్క ఉండాలి. మీ బావమరిది మీ మీద ప్రేమతో బకెట్లు తెస్తున్నాడు. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది అతనే, పోయేది అతని ఉద్యోగమే. అతను వీసా మీద ఉన్నాడా లేదా మీరు రాయలేదు. ఉంటే మాత్రం ఈ పేరా అతనికి చదివి వినిపించండి.

షాపుల్లో కాల్చే హీటర్లు వేరే జాతి. వాటిలో నూనెను ముందుగా వేడి చేసి పలచన చేస్తారు, కంప్రెసర్ గాలితో చిమ్ముతారు. నాజిల్ రంధ్రం పెద్దగా ఉంటుంది. బూడిద గీకి తీయడానికి తలుపులుంటాయి, కొన్ని వందల గంటలకోసారి ఎవరో ఒకరు ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ పని చేయాల్సిందే. వాటి ధర వేల డాలర్లు. అంతా పెట్టి కొన్నా వాటి మాన్యువల్‌లో ఇళ్లలో పెట్టకూడదని రాసి ఉంటుంది.

ఇక గరాజ్‌లో పీపా పొయ్యి. వీడియోలో బాగానే ఉంటుంది. ఎర్రగా కాలిన ఇనుప పళ్లెం మీద చుక్క చుక్కగా నూనె పడుతుంది, పొగలేని మంట వస్తుంది, చూసేవాళ్లు శభాష్ అంటారు. ఆ వీడియో తీసినాయన ఆ రాత్రి దాని పక్కన నిద్రపోయాడో లేదో మనకు చూపించరు. నూనె వేడెక్కే కొద్దీ పలచబడి చుక్క ధార అవుతుంది. ధార పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ధార ఇంకా పెరుగుతుంది. దాన్ని ఆపే కాడ్ సెల్ అక్కడ లేదు. నూనెలో నీరుంటే మరీ ఘోరం. నీటి చుక్క ఆవిరైతే దాదాపు 1700 రెట్లు ఉబ్బుతుంది. కాగిన నూనెలో తడి వంకాయ ముక్క వేస్తే ఏమవుతుందో ఇంట్లో అడగండి. హైడ్రాలిక్ షాపుల్లో అనుభవమున్న మెకానిక్‌లు బాగా కాలిన రేకు మీద ఒక చుక్క నూనె వేసి చెవి పెట్టి వింటారు. చిటపటమంటే నీరున్నట్టు. మీ బావమరిదికి ఈ పరీక్ష తెలిసే ఉంటుంది, షాపులోనే చేసి చూడమనండి, చాలా బకెట్లు చిటపటమంటాయి. పైగా గరాజ్ అంటే కార్లు, పెట్రోలు వాసన, గడ్డి కోసే మెషీను డబ్బా. కొన్ని ఇళ్లలో దాని పైనే పడకగది ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు. ఇంటికి కట్టెల పొయ్యి ఉంటే, ఆ కట్టెల మీద కూడా ఈ నూనె చల్లకండి. పొగగొట్టంలో మంటలు లేస్తాయి.

ఇప్పుడు డబ్బు లెక్క. నెలకు 10 గ్యాలన్ల చొప్పున చలి ఉన్న ఆరు నెలలకు 60 గ్యాలన్లు. మీ ధరకే కడితే 228 డాలర్లు. మీరు ఏడాదికి పెడుతున్నది 2,470. ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకుని మిగుల్చుకునేది పదో వంతు కన్నా తక్కువ. ఒక్క రాత్రి మెకానిక్ ఎమర్జెన్సీకి వచ్చాడంటే అందులో చాలా భాగం అతని జేబులోకే పోతుంది.

ఆ 228 డాలర్లు ఇంకెక్కడ దొరుకుతాయో చెబుతాను. 1950ల ఇల్లన్నారు కాబట్టి నా అనుమానం ఇది. స్నానానికి వేడి నీళ్లు బాయిలర్‌లోని కాయిల్ నుంచే వస్తున్నాయా చూడండి. బాయిలర్ పక్కన వేరే నీళ్ల ట్యాంకు ఏదీ లేకపోతే అలాగే ఉండవచ్చు. అలాగైతే మీ బాయిలర్ జులై ఎండల్లో కూడా, ఎవరో ఒకరు చెయ్యి కడుక్కుంటారేమోనని, పగలూ రాత్రీ వేడిగా కూర్చుని ఉంటుంది. వేసవిలో ఎన్ని గ్యాలన్లు కాలిందో మీ డెలివరీ రసీదులు తీసి లెక్కవేయండి, మీకే ఆశ్చర్యం వేస్తుంది. నీళ్లకు విడిగా హీట్ పంపు వాటర్ హీటర్ (చుట్టూ ఉన్న గాలిలోంచి వేడి లాగి నీళ్లు కాచే కరెంటు హీటర్) పెట్టుకుంటే వేసవంతా ఆ బాయిలర్‌ను పూర్తిగా ఆపేయొచ్చు. బేస్‌మెంట్‌లో చెమ్మ కూడా తగ్గుతుంది.

రెండోది అటక. మీ కరెంటు బిల్లులో మాస్ సేవ్ అనే పథకానికి ప్రతి నెలా కొంత కడుతూనే ఉన్నారు, చాలామంది మనవాళ్లకు ఆ సంగతే తెలియదు. దాని కింద ఇంటికి వచ్చి ఉచితంగా పరీక్ష చేస్తారు. గాలి దూరే సందులు మూసి, అటకలో, గోడల్లో ఇన్సులేషన్ వేయడానికి 75 శాతం దాకా వాళ్లే భరిస్తారు. నూనెతో వేడి చేసుకునే ఇళ్లకూ వర్తిస్తుంది. ఒక్కటే మెలిక, ష్రూస్‌బరీ లాంటి ఊళ్లలో కరెంటు మున్సిపాలిటీది, అక్కడ మాస్ సేవ్ ఉండదు. అలాంటి ఊరైతే మీ మున్సిపల్ కరెంటు ఆఫీసులో వాళ్ల సొంత రిబేట్లు అడగండి.

ఇప్పటికే పోసిన బకెట్ గురించి. ట్యాంకు ఇంకా కిందికి దిగకముందే మామూలు హీటింగ్ ఆయిల్ తెప్పించి నింపించండి. లారీ పంపు వేగానికి లోపలున్నది బాగా కలిసిపోతుంది, శాతం కూడా తగ్గుతుంది. తర్వాత లైసెన్సు ఉన్న ఆయిల్ బర్నర్ టెక్నీషియన్‌ను పిలిచి ఫిల్టరు, పంపు జాలీ, నాజిల్ మార్పించండి, ఏటా చేయించాల్సిన సర్వీసే ఇది. పొగ పరీక్ష కూడా చేయమనండి. పొగగొట్టంలోంచి గాలిని తెల్ల కాగితం గుండా లాగి మరక ఎంత నల్లగా ఉందో చూస్తారు, సున్నా నుంచి 9 దాకా కొలత, మీకు సున్నా రావాలి. అతనికి బకెట్ సంగతి దాచకండి. తిడతాడు, తిట్టనివ్వండి. ఏం వెతకాలో తెలిసిన మెకానిక్ అరగంటలో పట్టేది, తెలియని మెకానిక్ మూడు విజిట్లలో కూడా పట్టలేడు.

ఈలోగా బాయిలర్ ఎప్పుడైనా ఆగిపోతే ఎర్ర బటన్ ఒక్కసారి నొక్కండి. అంటుకోకపోతే రెండోసారి నొక్కకుండా ఫోన్ చేయండి. ఈ మాట ఇంట్లో మిగతావాళ్లకు, ముఖ్యంగా మీ మామగారికి చెప్పండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు మనవలకు చలేస్తోందని కిందికి దిగి నొక్కేది ఆయనే. పడకగదుల అంతస్తులోనూ బేస్‌మెంట్‌లోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పనిచేస్తున్నాయో లేదో టెస్ట్ బటన్ నొక్కి చూసుకోండి. మీ రాష్ట్రంలో అవి 2006 నుంచి తప్పనిసరి.

బావమరిది డ్రమ్ముల్లోని నూనె వృథా అవుతుందనే బాధ కూడా వద్దు. శుభ్రంగా, వేరేవేవీ కలవకుండా ఉంచితే దాన్ని లైసెన్సున్న లారీవాళ్లు తీసుకెళతారు, శుద్ధి చేసి మళ్లీ లూబ్రికెంటుగా అమ్ముతారు. ఒక గ్యాలన్ పాత నూనె నుంచి రెండున్నర క్వార్టులు (క్వార్టు అంటే పావు గ్యాలన్) కొత్త నూనె వస్తుంది. అంత నూనె ముడి చమురు నుంచి తీయాలంటే 42 గ్యాలన్లు కావాలి. అతని షాపులో చలికి చేతులు కొంకర్లు పోతుంటే, షాపు కోసమే ఒక హీటర్ కొనమని యజమానిని అడగమనండి. ఆ నూనెను అక్కడ కాల్చుకోవడానికి దారి ఉంది. రాష్ట్రం దగ్గర నమోదు చేసుకోవాల్సింది ఏమిటో ముందు కనుక్కోమనండి.